మొదటి నిలువు వరస

గున్‌హిల్డ్ టీచరు ప్రతి ఏడూ మొదటి క్లాసులో ఒకే పని చేసేది. గోడకి వేలాడే ఆవర్తన పట్టికలో ఏదో ఒక గడి మీద కాగితం ముక్క అంటించి, "దీని కింద ఎవరున్నారో నాకొద్దు, వాడెలాంటివాడో చెప్పండి" అనేది. పిల్లలు పై గడి చూసేవాళ్ళు, కింది గడి చూసేవాళ్ళు, అటూ ఇటూ ఉన్నవాళ్ళని చూసేవాళ్ళు. మెత్తని లోహం టీచర్ అని ఒకడు, కత్తితో కోస్తే తెగుతుంది టీచర్ అని ఇంకొకతె, నీళ్ళలో వేస్తే పైవాడికన్నా ఎక్కువ గంతులేస్తాడు టీచర్ అని వెనక బెంచీ. కాసేపటికి కాగితం కింద దాక్కున్నవాడి గుణాలన్నీ బయటపడేవి. అప్పుడావిడ కాగితం పీకేసి, "చూశారా, మనిషిని చూడకుండానే జాతకం చెప్పేశారు" అని నవ్వేది. అసలీ పట్టిక గీసిన రష్యా పెద్దాయన ఖాళీ గడులు వదిలి, ఇక్కడ ఫలానావాడు రావాలి, వాడి బరువింత, గుణమింత అని ముందే రాసిపెట్టాడనీ, తర్వాత వాళ్ళు నిజంగానే దొరికారనీ చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో భక్తి వినిపించేది. చర్చికి మాత్రం పెళ్ళికీ చావుకీ తప్ప వెళ్ళేది కాదు.

స్వీడన్ ఉత్తరాన, కొండలు మొదలయ్యే చోట ఉన్న చిన్న పట్నం బడి అది. గున్‌హిల్డ్ ఆ ప్రాంతపు మనిషి కాదు. సముద్రపు ఒడ్డున కలప కోతమిల్లులో పనిచేసే మనిషి కూతురు. ఉద్యోగానికి వచ్చి, రెయిన్‌డీర్ల మంద ఉన్న సామీ తెగ కుటుంబంలో టోర్కెల్ అనేవాణ్ణి చేసుకుంది. ఇటువాళ్ళూ అటువాళ్ళూ కూడా మూతులు ముడుచుకున్నారు. అత్తగారు మారిత్ మొదటిరోజే కోడలి చేతులు తిప్పి చూసి, "సుద్దముక్క పట్టుకునే చేతులు. బొమిక పగలగొట్టగలవా అమ్మాయ్" అంది.

"నేర్పితే పగలగొడతానత్తయ్యా."

"నేర్పడానికేముంది, ఆకలేస్తే అదే వస్తుంది. మా టోర్కెల్ నీలో ఏం చూశాడో గానీ, నడుము మాత్రం గట్టిదే."

కోడలు బొమిక పగలగొట్టడం నేర్చుకుంది. మూలుగ ఎవరికి ముందు పెట్టాలో, నాలుక ఎవరికి పెట్టకూడదో నేర్చుకుంది. అన్నిటికన్నా ముందు రసం సంగతి నేర్చుకుంది. ఆ ఇళ్ళలో మాంసాన్ని బొమికలతో సహా పెద్ద కుండలో ఉడకబెడతారు. ముక్కలు తిన్నాక ఆ వేడి రసాన్ని చెక్క గిన్నెల్లో పోసుకుని మెల్లగా తాగుతారు. కబుర్లన్నీ అప్పుడే. పెళ్ళి మాటలు, మంద పంపకాలు, అలకలు తీర్చుకోవడాలు అన్నీ రసం గిన్నె చేతిలో ఉండగానే. కొత్తలో ఒకసారి గున్‌హిల్డ్ కుండ కడగబోయి అడుగున మిగిలిన రసాన్ని తొట్టిలో ఒంపేసింది. మారిత్ తిట్టలేదు. కుండ లాక్కుని, ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంది. తిట్టినా బాగుండేదని గున్‌హిల్డ్ చాలా ఏళ్ళు చెప్పుకునేది.

ఏళ్ళు గడిచేకొద్దీ అత్తాకోడళ్ళకి కుదిరింది. ఒకరంటే ఒకరికి ప్రాణమని అనలేను గానీ, ఒకరు లేకుండా ఇంకొకరికి కాఫీ సహించేది కాదు. మనవరాలు ఈడా పుట్టాక ముసలావిడ పట్నపు కోడలి గురించి ఊళ్ళో ఎవరైనా ఒక మాటంటే ఒప్పుకునేది కాదు. తను మాత్రం రోజూ అనేది.

ఎనభయ్యారో సంవత్సరం వసంతంలో వాన పడింది. మంచు ఇంకా కరగని కొండల మీద, నల్లమబ్బు దిగి, ఎడతెగని వాన. దక్షిణాన ఎక్కడో దూరదేశంలో అణు కర్మాగారం పేలిందని రేడియో చెప్పింది. మొదట అందరూ అయ్యో అనుకున్నారు, పరాయి ఊళ్ళో ఇల్లు కాలిందంటే అనుకున్నట్టు. తర్వాత కొన్నాళ్ళకి, ఆ పేలుడు విషం వానతో ఇక్కడా దిగిందని చెబుతూ రేడియోలో ఒక మాట దొర్లింది. సీసియం.

గున్‌హిల్డ్ చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది. మిగతావాళ్ళకి అదొక కొత్త పేరు. ఆవిడకి పాత పరిచయం. మొదటి నిలువు వరసలో కిందికి దిగుతూ పోతే సోడియం, దాని కింద పొటాషియం, ఆ కింద రుబీడియం, ఆ కింద సీసియం. ఏళ్ళ తరబడి కాగితం అంటించి పిల్లల చేత జాతకం చెప్పించిన గడుల్లో అదీ ఒకటి. ఇప్పుడా జాతకం తన ఇంటిదైంది.

"ఏమైందే, పాలిపోయావు" అన్నాడు టోర్కెల్.

గున్‌హిల్డ్ బల్ల మీద పిండి చల్లి, వేలితో గడులు గీసింది. మారిత్ కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూసింది.

"ఇది పొటాషియం అత్తయ్యా. ప్రాణం ఉన్న ప్రతిదానికీ కావాలి. కొండ మీది నాచుకి కావాలి, నాచు తినే మందకి కావాలి, మనకీ కావాలి. దాని కిందున్న ఈ సీసియం దాని లాంటిదే. ఒంటికి తేడా తెలీదు. పొటాషియమే వచ్చిందనుకుని తలుపు తీస్తుంది."

"అంటే చుట్టం వేషంలో వచ్చే దొంగన్నమాట."

"వేషం కాదు, నిజంగానే చుట్టం. అదే బాధ."

"మన నాచుకి వేళ్ళుండవు కదే" అన్నాడు టోర్కెల్ నెమ్మదిగా.

వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ నాచుకి వేళ్ళు లేవు. నేలలోంచి ఏమీ తీసుకోదు. ఆకాశంలోంచి పడిందే దాని తిండి. చలికాలమంతా మంద మంచు తవ్వి తినేది ఆ నాచునే.

"ఎన్నాళ్ళుంటుంది?" అంది మారిత్.

"ముప్పై ఏళ్ళకి సగం తగ్గుతుంది. ఇంకో ముప్పై ఏళ్ళకి అందులో సగం."

"ఎక్కడ దాక్కుంటుంది? మూలుగలోనా?"

"మూలుగలో కాదు. కాల్షియం కింద స్ట్రాన్షియం అని ఇంకొకటుంది, అది ఎముకల్లో దూరి ఇక కదలదు. ఇది మాంసంలోకి పోతుంది."

గున్‌హిల్డ్ అక్కడితో ఆపేసింది. పట్నం బడికి బస్సు టైమైంది. మాంసంలోకి పోయింది మళ్ళీ ఏమవుతుందో చెప్పలేదు. ముసలావిడ అడగలేదు. ఆ పాఠం అలా సగంలో ఆగిపోయిందని అప్పుడెవరికీ తెలియదు.

శరదృతువులో మంద దిగింది. ఎప్పటిలాగే కొన్నిటిని కోశారు. సీసియం కొలిచేవాళ్ళు పెట్టెలతో వచ్చి ప్రతి కళేబరానికీ వాటి గొట్టం ఆనించి, తల అడ్డంగా ఊపారు. ఎవరూ దొంగతనంగా అమ్ముకోకుండా మాంసం మీద నీలిరంగు పోశారు. కొంత బొచ్చు కోసం పెంచే జంతువుల తిండికి పోయింది, మిగిలింది గోతుల్లోకి. టోర్కెల్ చేత్తో పెంచి, చెవికి గుర్తు కోసి, పేరు పెట్టి పిలిచిన జీవాలు నీలంగా గోతిలో పడి ఉండగా అతను టోపీ తీసి నిలబడ్డాడు.

అసలు గొడవ ఇంట్లో మొదలైంది. చలికాలం ఏం తినాలి? అధికారులు సొంత మాంసం తగ్గించండి అన్నారు, కావాలంటే దక్షిణాన్నుంచి పందిమాంసం తెప్పిస్తామన్నారు.

"పందిని తిని మందని కాయాలా?" అన్నాడు టోర్కెల్. "మా నాన్న తిన్నదే నేనూ తింటాను. చస్తే చస్తాను."

"నువ్వు చావు, నాకేం. ఈడా ఎందుకు చావాలి?" అంది గున్‌హిల్డ్.

ఆ ఇంట్లో అంత పెద్ద మాట ఎప్పుడూ పడలేదు. టోర్కెల్ లేచి బయటికి పోయాడు. మారిత్ మనవరాలిని ఒళ్ళోకి లాక్కుంది. గున్‌హిల్డ్‌కి భయం వేసింది. వీళ్ళు సొంత మాంసం మానేస్తే ఇంక మంద ఎందుకనుకుంటారు. మంద లేకపోతే టోర్కెల్ ఏ మిల్లులోనో కూలికి పోతాడు. తన తండ్రి చేసిన పనే. ఆ పని మనిషిని ఏం చేస్తుందో ఆవిడకి తెలుసు. అలాగని మాంసం పెడితే, రోజురోజుకీ పెరిగే పిల్ల ఒళ్ళు ఆ చుట్టానికి తలుపులన్నీ తీస్తుంది.

దారి కూడా ఆ వరసలోనే దొరికింది. మొదటి నిలువు వరసవాళ్ళందరికీ ఒక గుణముంది, వాళ్ళ ఉప్పులన్నీ నీళ్ళలో ఇట్టే కరుగుతాయి. వంటుప్పు కరిగినట్టే సీసియమూ కరగాలి. అయితే మాంసాన్ని బాగా ఉడికిస్తే అది ముక్కలోంచి నీళ్ళలోకి రావాలి. పట్నంలో కొలిచే చోటికి పచ్చి ముక్కొకటి, ఉడికిన ముక్కొకటి, సీసాలో రసం పట్టుకెళ్ళింది. ఆవిడ అనుకున్నదంతా నిజమే. సగానికి పైగా రసంలో ఉంది. పట్టిక తనకెప్పుడూ అబద్ధం చెప్పలేదని దారి పొడుగునా బస్సులో కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇంటికొచ్చి చెప్పింది. చిన్న ముక్కలు కోయాలి, ఎక్కువ నీళ్ళలో ఉడకాలి, ఆ నీళ్ళు పారబోయాలి, రెండోసారీ అలాగే. అప్పుడు ఈడా తినొచ్చు.

"రుచేముంటుంది ఇంక, గడ్డి తిన్నట్టుంటుంది" అన్నాడు టోర్కెల్. కానీ చాలా రోజుల తర్వాత మొహం తేటపడింది.

"రసం పారబోయాలా?" అంది మారిత్.

"తప్పదత్తయ్యా. అదంతా రసంలోనే ఉంటుంది."

ముసలావిడ కుండని తన వైపు లాక్కుంది. తర్వాత, "సరే. నువ్వు బడికి పో, వంట నేను చూస్తాను. పారబోసేది కూడా నేనే. కొత్తలో నువ్వు పారబోసినప్పుడు నాకు పట్టిన కోపం ఇంకా దిగలేదు, మళ్ళీ నీ చేత్తో వద్దు" అంది.

ఆ చలికాలం అలా నడిచింది. ఈడా పిప్పిలాంటి మాంసాన్ని వెన్న రాసుకుని తింది. టోర్కెల్ మందతోనే ఉన్నాడు. ఊళ్ళో ఇంకొందరు కూడా గున్‌హిల్డ్ దగ్గరికొచ్చి నేర్చుకుని వెళ్ళారు. భోజనాలయ్యాక రసం గిన్నెలు బల్ల మీదికి రావడం మానేశాయి. తిన్నవాళ్ళు తిని లేచిపోయేవాళ్ళు. కబుర్లకి చోటు లేకుండా పోయింది.

చలికాలం చివర్లో మనుషుల ఒంట్లో సీసియం కొలిచే లారీ ఊళ్ళోకొచ్చింది. లోపల సీసపు పలకల మధ్య కుర్చీ, అందులో ఒక్కొక్కరూ కాసేపు కదలకుండా కూర్చోవాలి. ఈడా ఒంట్లో చాలా తక్కువ. గున్‌హిల్డ్‌కీ టోర్కెల్‌కీ కూడా తక్కువే. గున్‌హిల్డ్ గర్వంగా అత్తగారి చెయ్యి పట్టుకుని లోపలికి పంపింది. కాసేపయ్యాక కొలిచే అతను బయటికొచ్చి, గున్‌హిల్డ్‌ని పక్కకి పిలిచాడు.

"మీ అత్తగారు ఏం తింటారండీ?"

"మాతోపాటే. ఏం?"

"ఊరంతటికీ ఆవిడదే ఎక్కువ. మీ ముగ్గురినీ కలిపినా అంత లేదు. ఏదో తింటున్నారు, మానిపించండి. మానేస్తే కొన్ని నెలల్లో దానంతటదే పోతుంది, మూత్రంలో పోతుంది. మీకు తెలుసుగా, పొటాషియం ఎలా పోతుందో అలాగే."

తెలుసు. గున్‌హిల్డ్ తలూపి అత్తగారిని ఇంటికి తీసుకొచ్చింది. ఇంట్లో పొయ్యి ముందు కూర్చోబెట్టి అడిగింది.

"రసం పారబోయట్లేదు కదూ?"

"లేదు."

"ఎందుకత్తయ్యా? అంత రుచా? అంత మానలేనిదా?"

"రుచా?" మారిత్ ఆశ్చర్యంగా చూసింది. "ఉప్పూ లేదు పాడూ లేదు, నాలుగు గిన్నెల నీళ్ళలో నాలుగు ముక్కలుడికిన రసం రుచా? గొంతు దిగేది కాదు. ముక్కు మూసుకుని తాగాను."

"మరి?"

"నువ్వే కదే చెప్పావు, అది ముప్పై ఏళ్ళకి గానీ సగం చావదని. ఇంటి వెనక పారబోస్తే ఎక్కడికి పోతుంది? మంచు కరిగి వాగులోకి పోతుంది, నేలలోకి పోతుంది. గడ్డికి వెళుతుంది. మళ్ళీ మంద తింటుంది. మళ్ళీ ఈడా తింటుంది. పారబోయడమంటే తిప్పి తినిపించడమే. ఎవరో ఒకరి కడుపులో ఆగాలి. నేనెలాగూ పోయేదాన్ని. నాలో ఉంటే నాతో పోతుంది."

గున్‌హిల్డ్ పొయ్యిలో కట్టె ఎగదోసింది. ఊరంతా గోతులు తవ్వి, చేతులు కట్టుకుని, రేడియో వింటూ కూర్చుంది. ఈ ముసలావిడ ఒక్కతే దానితో కలబడింది. తను పిండిలో గీసిన నాలుగు గడులని తన క్లాసులో ఏ పిల్లా నమ్మనంతగా నమ్మింది. నమ్మి, ఆ నమ్మకాన్ని చివరిదాకా లాక్కెళ్ళింది, కాకపోతే లాక్కెళ్ళిన పాఠం సగమే. చుట్టమై లోపలికొచ్చింది చుట్టంలాగే బయటికీ పోతుంది. ముసలావిడ తాగిందంతా కొన్నాళ్ళకి ఇంటి వెనకున్న మరుగుదొడ్డి గోతిలోకే చేరుతుంది, అక్కణ్ణుంచి నేలలోకి.

ఆ మాట చెప్పాల్సిన క్షణం అదే. బతుకంతా పట్టిక చెప్పినదే చెప్పిన మనిషి, మొదటిసారి పట్టిక చెప్పనిది చెప్పింది.

"ఇంక తాగకండత్తయ్యా. మీ ఒళ్ళు నిండిపోయింది. ఇంక పట్టదు."

"పట్టదంటావా?"

"పట్టదు. రేపటినుంచి రసం డబ్బాలో పోసి నాకివ్వండి, పట్నం తీసుకెళ్ళి బడి తొట్టిలో పోస్తాను. అక్కణ్ణుంచి మన కొండల్లోకి రాదు."

"ఆ సంగతి ముందే చెప్పొచ్చుగా. చదువుకున్నావన్నమాటే గానీ" అంది మారిత్. మొహంలో మాత్రం పనంతా చక్కబెట్టిన మనిషి తృప్తి. ఆ తృప్తి చూశాక గున్‌హిల్డ్ మిగతా సగం పాఠం తనలోనే దాచేసుకుంది.

వేసవి అయ్యాక మారిత్ గుండె నీరసపడింది. చాలా ఏళ్ళు కొట్టుకున్న గుండె, ఇంతే అన్నాడు డాక్టరు. ఊళ్ళోవాళ్ళు సీసియమే అన్నారు. గున్‌హిల్డ్‌ని అడిగితే ఏదీ చెప్పలేకపోయింది. ఒక మూలకం ఒంట్లోకి ఎలా వస్తుందో పట్టిక చెబుతుంది గానీ, ఒక ముసలావిడ ఎందుకు చనిపోతుందో చెప్పదు.

ఆకులు పండే రోజుల్లో ఒక మధ్యాహ్నం మారిత్ కోడలిని మంచం దగ్గరికి పిలిచింది.

"టోర్కెల్‌కి చెబితే ఏడుస్తాడు, నీకే చెబుతున్నా. నన్ను కొండ మీద పెట్టొద్దు."

కొండ మీద సరస్సు ఒడ్డున చిన్న చర్చి, దాని పక్కన వాళ్ళ సమాధులు. కంచె లేదు. వసంతంలో మంద ఆ సమాధుల మధ్య నుంచే ఈనే చోటికి వెళుతుంది. మావగారు యోనాస్ అక్కడే ఉన్నాడు. బతికుండగానే పక్కన మారిత్‌కి చోటు వదిలిపెట్టి రాయి కూడా వేయించాడు.

"మావయ్య పక్కన వద్దా?"

"నా ఒంట్లో ఉన్నది ఆ నేలలోకి దిగితే? మా ఆయన మీద మొలిచే గడ్డిని మంద తింటుంది. పట్నం స్మశానంలో పెట్టండి. చుట్టూ ఇనుప కంచె ఉంది, ఏ జీవమూ రాదు. తెలియనివాళ్ళ మధ్య పడుకోవాలి, అంతే కదా. ఎన్నాళ్ళు పడుకోవాలి, ముప్పై ఏళ్ళేనా?" నవ్వబోయింది, ఊపిరందలేదు. "మీ మావయ్య అలుగుతాడు. అలగనీ."

గున్‌హిల్డ్ మంచం కోడు పట్టుకుంది. లోపల రెండు మాటలు కొట్టుకున్నాయి. నోరు మూసుకుంటే ఈ మనిషి తను చేసినదానికి ఫలితం దక్కిందనుకుని పోతుంది, కానీ లేని విషం కోసం మొగుడి పక్కన చోటు వదులుకుని పోతుంది. నోరు తెరిస్తే చోటు దక్కుతుంది, చలికాలమంతా ముక్కు మూసుకుని తాగింది ఎందుకూ కొరగాకుండా పోతుంది. ఏది దయ? ఆవిడకి తెలియలేదు. టీచరు గనక, చివరికి అలవాటే గెలిచింది.

"అత్తయ్యా, అది మీలో లేదు."

"ఏది?"

"మీరు తాగింది. ఆగదు. ఉప్పులాంటిది కదా, నెలల్లోనే బయటికి పోతుంది. మూత్రంలో పోతుంది. ఇప్పటికి మీలో ఏమీ మిగిలుండదు. మీరు మావయ్య పక్కనే పడుకోవచ్చు."

మారిత్ కళ్ళు తెరిచి కోడలి వైపు తల తిప్పింది. బయట ఈడా కుక్కతో ఆడుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఎక్కడికి పోయింది?"

"ఇంటి వెనక్కి."

"నేలలోకి."

"అవునత్తయ్యా."

"అంటే పారబోసినట్టే."

గున్‌హిల్డ్ తలూపింది.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"మొదటినుంచీ తెలుసు. మీరు తాగుతున్నారని తెలియదు."

"తెలిశాక కూడా చెప్పలేదు."

"చెప్పలేకపోయాను."

ముసలావిడ కోపం తెచ్చుకోలేదు. దుప్పటి అంచు వేళ్ళతో సరిచేసుకుంది.

"అయితే మీ మావయ్య పక్కనే పెట్టండి" అని, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత బతికిన కొద్ది రోజులూ మారిత్ కొడుకుతో మాట్లాడింది. ఈడాతో మాట్లాడింది. చూడవచ్చిన ఊళ్ళోవాళ్ళతో, వాళ్ళ మందల గురించి కూడా మాట్లాడింది. గున్‌హిల్డ్ చెంచాతో నీళ్ళు పట్టిస్తే నోరు తెరిచి తాగింది. కోడలితో మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడలేదు.